అయిదడుగుల పది అంగుళాలు

మా ఆయన మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత ట్రక్కు కొనుక్కొచ్చిన రోజు వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. మా అత్తయ్య మాత్రం రాలేదు. వంటింట్లో గిన్నెలు తోముకుంటూ, "ఆ చప్పుడేంటో చూసి రా" అంది నాతో. చప్పుడేంటో ఆవిడకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు లారీ డ్రైవరు పెళ్ళాంగా, ఆ తర్వాత లారీ డ్రైవర్ల తల్లిగా బతికిన మనిషి. ఇంజను మోత విని బండి వయసు చెప్పగలదు.

పద్నాలుగు నెలలుగా ఆవిడ తన పెద్దకొడుకుతో, అంటే మా ఆయనతో, మాట్లాడటం లేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, మూడు గదులు. ఏం చెప్పాలన్నా నాతో చెబుతుంది. "కుళాయి కారుతోందని వాడికి చెప్పు" అంటుంది, ఆ 'వాడు' రెండు గజాల దూరంలో కూర్చుని ఉండగానే. నేను చెబుతాను. "రేపు చూస్తానని చెప్పు" అంటాడాయన. అదీ నేనే చెబుతాను. తల్లీకొడుకుల మధ్య పోస్టాఫీసునైపోయాను. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత ఒళ్ళు మండేది, ఇప్పుడు రెండూ రావు.

కారణం ఊరందరికీ తెలిసిందే. మా మరిది, మా ఆయన నడుపుతున్న లారీ చక్రం కింద పడి చనిపోయాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే బండి మీద పనిచేసేవాళ్ళు. ఒకరు నడిపితే ఇంకొకరు నిద్రపోవాలని ఒప్పందం. నిద్రన్నది పేరుకే. ఆ బండి క్యాబిన్‌లో రెండు సీట్లు, వాటి మధ్య కాలిపోయే ఇంజను పెట్టె, అంతే. నడుం వాల్చే చోటు లేదు. అందుకని బండి ఆగిన చోటల్లా, నీడగా ఉంటుందని, బండి కిందే చాప పరుచుకునేవాళ్ళు. డ్రైవర్లందరూ చేసే పనే అది. ఎవరికీ తప్పనిపించదు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. సిమెంటు గోదాము ముందు బండ్లు బారు తీరి ఉన్నాయి. ముందున్న బండి కదిలింది. వెనకవాళ్ళు హారన్ల మోత మోగించారు. తమ్ముడు కనపడకపోతే టీకి వెళ్ళాడనుకుని మా ఆయన బండిని ముందుకు తీశాడు. నాలుగడుగులు, అంతకన్నా ఎక్కువ లేదు.

పోలీసులు ప్రమాదమని రాసుకుని వదిలేశారు. అత్తయ్య వదల్లేదు. "ఒక్కసారి వంగి చూసుంటే నా బిడ్డ బతికేవాడు" అంది, ఇంటినిండా జనం ఉండగా. "చూశానమ్మా" అన్నాడీయన. "చూడలేదు" అంది. అదే ఆవిడ ఆయనతో మాట్లాడిన ఆఖరి మాట.

ఆ తర్వాత ఈయన లారీ ఎక్కలేదు. ఏడాది పాటు ఒక కంకర యార్డుకి కాపలా కాశాడు. వీధిలో నడుస్తూ నడుస్తూ ఆగి, ఆగి ఉన్న ప్రతి కారు కిందకీ వంగి చూసేవాడు. ఎవరి కారో ఏమిటో సంబంధం లేదు. పిల్లలు వెక్కిరించేవాళ్ళు. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. చూశానన్న మాట తల్లి నమ్మలేదు సరే, చూశానో లేదోనని ఈయనకే అనుమానం పట్టుకుంది. నాకదే భయం. ఆవిడ ఆ 'చూడలేదు' అన్న మాటని వెనక్కి తీసుకోకపోతే ఈ మనిషి ఇక మనిషి కాడు. నాకు ఇల్లూ వద్దు, బండీ వద్దు, ఆ ఒక్క మాట వెనక్కి వస్తే చాలనిపించేది.

అలాంటి మనిషి ఒకరోజు ఉన్నట్టుండి బండి కొంటానన్నాడు. కొండల్లో వంతెన కడుతున్నారనీ, మామూలు లారీలు ఆ దారి ఎక్కలేవనీ, మిలిటరీ బండయితే ఎక్కుతుందనీ చెప్పాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. కాపలా మనిషిగా ఆయన రోజురోజుకీ ఎండిపోవడం చూస్తున్నదాన్ని నేనే.

నేనూ బయటికెళ్ళి బండి చూశాను. ఆకుపచ్చ రంగు పెచ్చులూడి, కింద ఇంకో ఆకుపచ్చ కనపడుతోంది. తలుపు మీద చెరిపేసిన అంకెలు. సీటు వెనక తుపాకులు తగిలించుకునే కొక్కేలు అలాగే ఉన్నాయి. అన్నిటికన్నా, అది చాలా ఎత్తు బండి. కింద మనిషి తీరిగ్గా కూర్చునేంత చోటు, చల్లటి చిక్కటి నీడ. నేను ఆ నీడ వైపు చూడటం ఈయన చూశాడు.

"దీని కింద ఎవరూ పడుకోరు" అన్నాడు. "క్యాబిన్ వెనక పడక గది కట్టిస్తా. కట్టించాకే బండి కదిలేది."

*

బాడీ మేస్త్రీ షెడ్డు మా ఇంటికి మైలు దూరం. నలభై ఏళ్ళుగా లారీలకు చెక్కపనీ రేకుపనీ చేస్తున్నవాడు. చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది కాబట్టి అందరూ సుద్దముక్క అనే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. ఆయనకొక పద్ధతుంది. పడక కట్టాలంటే డ్రైవరుని షెడ్డులో ప్లైవుడ్ పలక మీద పడుకోమంటాడు. పడుకున్నవాడి చుట్టూ సుద్దతో గీత గీస్తాడు. బోర్లా పడుకునేవాడు బోర్లాగా, చేతులు బార్లా చాపేవాడు అలాగే పడుకోవాలి. "టేపు పెట్టి కొలిస్తే మనిషి ఊపిరి బిగబట్టి పడుకుంటాడమ్మా, శవం లాగా. వాడికి పడకెందుకు?" అనేవాడు. ఆ గీత ప్రకారమే కొయ్యడం. ఇన్నేళ్ళలో ఎవరూ తన పడక ఇరుకని వెనక్కి రాలేదని ఆయన గర్వం.

మా ఆయన పలక మీద పడుకోనన్నాడట. కొలతలు రాసిన చీటీ చేతిలో పెట్టి వచ్చేశాడు. సుద్దముక్కకి రోషమొచ్చింది గానీ పని మొదలుపెట్టాడు. క్యాబిన్ వెనక గోడ కోసి, యాంగిల్ ఇనుముతో చట్రం నిలబెట్టి, బయట రేకు కప్పడానికి సిద్ధం చేశాడు.

నేను బట్టలు కుడతాను. పరుపు గలేబు కూడా నేనే కుట్టాలి కదా అని, ఒక మధ్యాహ్నం టేపు తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. సుద్దముక్క నన్ను చూడగానే చేతిలోని ఇనుము కోసే గ్రైండరు కింద పెట్టాడు.

"రామ్మా రా. నీతోనే పనుంది. మీ ఆయన నిలబడితే ఒక పొడుగు, పడుకుంటే ఒక పొడుగా?"

"అదేంటి బాబాయ్?"

"నా కళ్ళకి అయిదడుగుల నాలుగు ఉంటాడు. ఇంకా తగ్గితే తగ్గుతాడు. చీటీలో ఏమో మనిషి పొడుగు అయిదడుగుల పదని రాశాడు. ఈ క్యాబిన్ లోపలి వెడల్పు అయిదున్నర అడుగులు. ఆయన కొలతకైతే అడ్డంగా హాయిగా పడుకోవచ్చు. ఈ కొలతకి కట్టాలంటే పెట్టె రెండు పక్కలా మూడేసి అంగుళాలు బయటికి పొడుచుకొస్తుంది. అదిగో చూడు."

చూశాను. ఇనుప చట్రం క్యాబిన్ దాటి రెండు పక్కలా చెవుల్లా పొడుచుకొచ్చి ఉంది.

"పైగా ఇంకో తంటా" అన్నాడు. "ఇక్కడ రేకు కప్పితే డ్రైవరుకి అద్దంలో వెనక చక్రం కనపడదు. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఈ చెవులు చూశాడంటే రోడ్డెక్కడానికి అనుమతి ఇవ్వకుండా కాగితం మొహాన కొడతాడు. వంతెన పని వాళ్ళు బుధవారం దాటితే ఆగరన్నాడు మీ ఆయనే. చెప్పి చెప్పి నా తల ప్రాణం తోకకొచ్చింది. నీ మాటైనా వింటాడేమో."

నేను ఆయన మాటలు సగమే విన్నాను. అయిదడుగుల పది. ఆ కొలత నా వేళ్ళకు తెలుసు. ప్యాంటు పొడవు నలభై రెండు, చొక్కా ముప్ఫై ఒకటి. ఏడాదికి రెండు జతలు కుట్టేదాన్ని. కుట్టిన ప్రతిసారీ మా మరిది, "వదినా, గుడ్డ మిగుల్చుకోకు, నాకు పొట్టిగా కుట్టి అన్నయ్యకి చొక్కా చేస్తున్నావ్" అని ఏడిపించేవాడు.

అక్కడున్న టైరు మీద కూలబడ్డాను. సుద్దముక్క కంగారుపడి నీళ్ళు తెచ్చాడు.

మా ఆయన రంగు డబ్బాలు మోసుకుంటూ వచ్చాడు. నా మొహం చూసి విషయం అర్థమైపోయింది. డబ్బాలు కింద పెట్టి నిలబడ్డాడు.

"ఇది ఎవరి కొలత?" అన్నాను.

"తెలిసీ అడుగుతావెందుకు?"

"తెలిసే అడుగుతున్నా. నీ నోటితో చెప్పు."

"వాడికి చోటుంటే కిందకి వెళ్ళేవాడు కాదు" అన్నాడు. "ఆ బండిలో పడక కట్టిద్దామని రెండేళ్ళు అడిగాడు. వచ్చే ఏడు చూద్దాంలే అన్నా, రెండుసార్లు. ఇప్పుడు కట్టిస్తున్నా."

"ఇప్పుడు కట్టిస్తే వస్తాడా?"

"రాడు. నాకేం పిచ్చెక్కలేదు. వాడికి పట్టని పెట్టెలో నేను పడుకోలేను, అంతే."

కోపం రాకూడని చోట నాకు కోపమొస్తుంది, అది నా పుట్టుబుద్ధి. ఆ చెవుల వైపు చెయ్యి చూపించి, "వెనక చక్రం కనపడదట. ఈసారి నిజంగానే చూడకుండా తీస్తావన్నమాట" అన్నాను.

నోరు జారాక తెలిసింది నేనేమన్నానో. ఆయన రంగు డబ్బా మూత తెరిచి, కర్రతో కలపడం మొదలుపెట్టాడు. కలుపుతూనే ఉన్నాడు. సుద్దముక్క నా వైపు చూసి, వెళ్ళిపొమ్మని తలతో సైగ చేశాడు.

*

ఇంటికొచ్చి వంటింట్లో కూరగాయల బుట్ట ఎత్తి నేలకేసి కొట్టాను. అత్తయ్య కత్తిపీట ముందు కూర్చుని ఉంది. పద్నాలుగు నెలలు ఇద్దరి మాటలూ మోశాను కదా, ఆ రోజు ఎవరూ చెప్పమనకుండానే మోశాను. చీటీ సంగతి, మరిది కొలత సంగతి, చెవుల సంగతి, సోమవారం సంగతి, అన్నీ కక్కేశాను. నేను ఆయన్ని అన్న మాట కూడా చెప్పాను, దాచలేదు.

"మీరన్న మాటే, అత్తయ్యా. నేనూ అదే అనేశాను. మీకిప్పుడు చల్లగా ఉందా?" అన్నాను.

ఆవిడ దొర్లిపోయిన ఉల్లిపాయలు ఒక్కొక్కటీ ఏరి బుట్టలో వేసింది. లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఈవిడది గుండా రాయా అనుకున్నాను. పైకే అన్నాను, వినపడేలాగే అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"ఆ షెడ్డు ఎక్కడో నన్ను తీసుకెళ్ళు" అంది.

మైలు దూరం నడిచాం. మోకాళ్ళ నొప్పుల మనిషి, మధ్యలో మూడుచోట్ల ఆగింది. ఎందుకొస్తున్నారని నేను అడగలేదు. అడిగితే వెనక్కి తిరుగుతుందేమోనని భయం. అక్కడికెళ్ళి మళ్ళీ అదే మాట అంటుందేమోనని అంతకన్నా పెద్ద భయం.

మేం వెళ్ళేసరికి పెట్టె లోపల ప్లైవుడ్ పరిచి ఉంది. మా ఆయన లోపల మోకాళ్ళ మీద కూర్చుని మేకులు కొడుతున్నాడు. తల్లిని చూసి సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. సుద్దముక్క ఒక స్టూలు తెచ్చి వేశాడు. నేను కింది నుంచి పట్టుకుంటే ఆవిడ స్టూలెక్కి, మెట్టెక్కి, క్యాబిన్‌లో సీటు మీద చేరింది. వెనక్కి తిరిగి ఆ పడకని చూసింది. ఈ చివర నుంచి ఆ చివరదాకా చేత్తో తడుముతూ వెళ్ళింది. చెయ్యి అందినంత మేరా తడిమింది.

"ఇంత పొడుగెందుకురా?" అంది.

పద్నాలుగు నెలల తర్వాత ఆవిడ కొడుకుతో అన్న మొదటి మాట అది. నేను స్టూలు గట్టిగా పట్టుకున్నాను.

"వాడి కొలతేనమ్మా" అన్నాడు మా ఆయన.

"ఆ రోజు వాడికి ఇందులో సగం కూడా అక్కర్లేదు."

ఈయనకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆవిడ ప్లైవుడ్ వైపే చూస్తూ చెప్పింది.

"ఒంట్లో బాగోకపోతే వాడు ముడుచుకుపోయేవాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా. ఆ పొద్దున వాడికి జ్వరంరా. చెయ్యి పెడితే కాలిపోతోంది. అన్నయ్యకు చెప్పకమ్మా, చెప్తే నన్ను వదిలేసి ఒక్కడే అంత దూరం వెళ్తాడు అన్నాడు. నేను చెప్పలేదు. మాత్ర ఇచ్చి పంపించా."

మా ఆయన చేతిలో సుత్తి పక్కన పెట్టాడు.

"నేను కాళ్ళ కోసం చూశానమ్మా. ఎప్పుడూ చక్రాల అవతలికి కాళ్ళు చాపుకునే పడుకునేవాడు. బొటనవేలు లాగి లేపేవాణ్ణి. ఆ రోజు వంగి చూస్తే కాళ్ళు లేవు. లేవనే బండెక్కా."

"ఎలా ఉంటాయి? చక్రం వెనకాల ముద్దలా ముడుచుకుని ఉంటాడు" అంది. "ఎంత వంగినా నీకు కనపడేవాడు కాదు."

నాకు ముందుగా వచ్చింది సంతోషం కాదు. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం చకోరపక్షిలా ఎదురుచూశానో ఆ మాట వచ్చేసింది, నాకేమో ఒళ్ళంతా మండుకొచ్చింది.

"అంటే మీకు మొదటి రోజే తెలుసా?" అన్నాను కింది నుంచి. "ఆయన చూశాడని తెలిసే చూడలేదన్నారా? ఆయన వీధిలో కార్ల కిందకి వంగి వంగి చూస్తుంటే, తెలిసే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారా?"

ఆవిడ జవాబు కొడుకుకే చెప్పింది.

"నువ్వు చూశావని నేను ఒప్పుకుంటే, ఆ తప్పు నా దగ్గరికి వచ్చేదిరా."

మా ఆయన తల ఊపాడు. కోపంగా కాదు, ఏడుస్తూ కూడా కాదు. ఎవరో న్యాయమైన మాట చెబితే ఒప్పుకున్నట్టు, రెండుసార్లు నెమ్మదిగా ఊపాడు. తల్లి బరువు ఇన్నాళ్ళూ తను మోశాడు, సరే, ఎవరో ఒకరు మోయాలి కదా అన్నట్టు. నేను భరించలేనిది అదే. ఆవిడ మీద అరిచి ఉంటే, నిలదీసి ఉంటే, నేనూ పక్కన నిలబడి నాలుగు మాటలు కలిపేదాన్ని. అలా తల ఊపేసరికి నా కోపం పట్టుకోవడానికి చోటు లేకుండా పోయింది.

దిగేటప్పుడు ఆయన లోపల్నుంచి చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకునే మెట్టు దిగింది, స్టూలు దిగింది. నేల మీద కాలు ఆనగానే వదిలేసింది. వదిలాక ఆ చేత్తో ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు చీర కొంగు పట్టుకుని నిలబడింది. పద్నాలుగు నెలల్లో ఆవిడ ఎంత ముసలిదైపోయిందో నేను అప్పుడే చూశాను. ఆవిడ మీద జాలేసింది. క్షమించానని మాత్రం చెప్పలేను, ఈ రోజుకీ చెప్పలేను.

"మేస్త్రీ" అన్నాడు మా ఆయన, "క్యాబిన్ వెడల్పుకే కోసెయ్యి."

సుద్దముక్క అలాగేనని గ్రైండరు చేతిలోకి తీసుకున్నాడు గానీ స్విచ్చి నొక్కలేదు. నేను అత్తయ్య భుజం చుట్టూ చెయ్యి వేసి నడిపించుకుంటూ బయటికి తీసుకొచ్చాను. గేటు దాటి సందు మలుపు తిరిగేదాకా వెనక నుంచి ఏ చప్పుడూ రాలేదు. తర్వాత వచ్చింది, ఇనుము కోస్తున్న చప్పుడు. ఆవిడ ఆగిపోయింది.

"ఆ చప్పుడేంటి?" అంది.

"మరిది కొలత కోసేస్తున్నారు అత్తయ్యా" అన్నాను.